కొండంత అండ

మంచికి పిలిస్తే వెళ్లాలి, చెడుకు పిలవకపోయినా వెళ్లాలి. పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా తిరిగొస్తే ఆ మాటకు అడుగడుగునా సాక్ష్యం దొరుకుతుంది. కష్టకాలంలో అయినవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లూ, అందుకోసం ముందు తమ కాళ్ల మీద తాము నిలబడ్డవాళ్లూ... ఆ దారి పొడవునా వాళ్ల ఆనవాళ్లే!

నెల్లూరులో బస్సెక్కి పెన్న దాటితే బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాకా కంటికి ఆనేవి వరి మళ్లే. కాలువ నీళ్లు, కొంగల బారులు, గట్ల మీద చెట్ల నీడలు. సంగం దాటాక ఆ పచ్చదనం కొంచెం కొంచెంగా పల్చబడుతుంది. ఆత్మకూరు కూడా దాటితే అసలైన మెట్ట మొదలవుతుంది. ఎర్ర నేలలు, తుమ్మ చెట్లు, కంది చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు. వాన పడితే పంట, లేదంటే వలస. చాలా ఊళ్లలో బోరు వేస్తే పడేవి ఫ్లోరైడ్ నీళ్లు. అందుకే ఇక్కడి ఇళ్ల నుంచి బతుకుతెరువు కోసం బయల్దేరినవాళ్లు బెంగళూరులోనో, చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు. దసరాకో సంక్రాంతికో వచ్చే కొడుకు కోసం కన్నా, కబురు తెలిసి పరుగున వచ్చే కొడుకు కోసమే ఎక్కువ ఎదురుచూసే ఊళ్లివి.

సంగం దగ్గర పెన్న మీద 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన బ్యారేజీకి ఓ కథ ఉంది. అప్పుడు దానికి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, రాష్ట్ర మంత్రిగా ఉంటూ ఆ ఏడాది ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారాయన. అమెరికా నుంచి కొడుకు రావాలి. ఆ తర్వాత 23న ఉదయగిరిలో, కుటుంబం నెలకొల్పిన ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. నాలుగు నెలలకు జూన్ 23న ఉప ఎన్నిక వచ్చింది. అప్పటిదాకా వ్యాపారాలు చూసుకుంటున్న తమ్ముడు విక్రమ్‌రెడ్డి అన్న స్థానంలో నిలబడి 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

రాజకీయాల సంగతి పక్కన పెడదాం. ఆ ఇంటి కష్టంలో మెట్ట పల్లెలన్నిటికీ తెలిసిన ఘడియలే ఉన్నాయి. దేశం కాని దేశం నుంచి రావాల్సిన బిడ్డ కోసం ఎదురుచూపు. అన్న వదిలి వెళ్లిన బరువును తమ్ముడు భుజానికెత్తుకోవడం. పెద్దింట్లో అయితే పదిమందికీ తెలుస్తుంది, పేదింట్లో అయితే ఆ నాలుగు గోడలకే తెలుస్తుంది. తేడా అంతే! తండ్రి పోతే కువైట్‌లో కొడుకున్న ఇంట్లో కూడా మొదట వినిపించే మాట ఒకటే... ‘వాడు ఎప్పటికొస్తాడు?’

పక్కన కూర్చునేవాళ్లు

ఆత్మకూరు నుంచి ఉత్తరంగా కాస్త దూరం వెళితే అనుమసముద్రంపేట. ఏఎస్‌పేట అంటేనే అందరికీ తెలుస్తుంది. ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉన్న ఊరు. గంధ మహోత్సవానికి ఆంధ్ర, తెలంగాణ నుంచే కాదు తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం తరలివస్తారు. వచ్చేవాళ్లలో ముస్లిములెందరో హిందువులూ అందరు. బొట్టు పెట్టుకున్న అమ్మలూ, బురఖా వేసుకున్న అమ్మీలూ ఒకే వరుసలో నిలబడి ఒకే దుకాణంలో పూలు కొంటారు.

అయితే ఈ దర్గాను పండగ రోజుల్లో కన్నా మామూలు రోజుల్లో చూడాలి. మనసు చెదిరినవాళ్లను తీసుకుని ఇక్కడికి వచ్చే కుటుంబాలు ఎన్నో. ఒక రాత్రి నిద్ర చేసి వెళ్లేవాళ్లు కొందరైతే, రోజుల తరబడి ఉండిపోయేవాళ్లు ఇంకొందరు. తనలో తాను గొణుక్కునే కొడుక్కి అన్నం ముద్దలు కలిపి పెట్టే తల్లి, పెళ్లయిన ఏడాదికే పలుకు మానేసిన చెల్లెలి తల దువ్వే అక్క, నిద్రపట్టని భార్య పక్కన తెల్లార్లూ మేలుకుని కూర్చునే భర్త... ఇలాంటి దృశ్యాలు అక్కడ కొత్తేం కాదు. మన ఊళ్లలో మనసుకు జబ్బు చేసిందంటే నలుగురికీ తెలియకుండా దాచిపెట్టడమే ఎక్కువ. ఇక్కడ దాచుకోవాల్సిన పని లేదు. పక్క చాప మీద కూర్చున్నవాళ్లదీ అదే బాధ కాబట్టి!

నమ్మకం ఎంత గొప్పదైనా వైద్యానికి బదులు కాదు. తమిళనాడులోని ఏర్వాడి దర్గా ఊళ్లో 2001 ఆగస్టు 6న ఓ ఆశ్రమం అంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది బయటకు రాలేక ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా ఉలిక్కిపడిన ఘటన అది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. 2022 అక్టోబరులో మొదలైన ‘టెలి మానస్’ సేవల కోసం 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. దర్గాకు వచ్చే ఆ తల్లులు తప్పు చేస్తున్నారని ఎవరంటారు? వాళ్లు చేసేది సగం వైద్యం... పక్కనే ఉండటం. మిగతా సగం డాక్టరు దగ్గర ఉంది. రెండూ కలిస్తేనే మనిషి మళ్లీ ఇంటివాడవుతాడు.

రాత్రి బడిలో రాజుకున్న నిప్పు

ఇంకాస్త ఉత్తరానికి, కావలి నుంచి ఉదయగిరి వెళ్లే దారి మీద కలిగిరి వస్తుంది. ఆ మండలంలోదే దూబగుంట. చూడటానికి మామూలు మెట్ట పల్లె. కానీ రాష్ట్రాన్ని కదిలించిన ఊరు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుగులో పలకా బలపం పట్టుకునేవారు. మొదట వాళ్లకు కావలసింది పెద్దదేం కాదు. సంతకం చేయడం, బస్సు మీది ఊరి పేరు చదవడం. అయితే వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఒకటి ఉండేది. తాగుడు వల్ల గుల్లయిన ఓ ఇంటి కథ. చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, పొద్దున్న తమ ఇంట్లో జరిగిందే అక్షరాల్లో కనిపించింది. అప్పటికే ‘వారుణి వాహిని’ పుణ్యమా అని సారా ప్యాకెట్లు పల్లె పల్లెకూ చేరిపోయాయి. కూలి డబ్బులు ఇంటికి చేరేవి కావు. తాగినవాళ్లు రాత్రి బడి దగ్గరికి వచ్చి గొడవ చేసేవారు. తాగి చెరువులో పడి ఇద్దరు చనిపోవడంతో ఊరి ఆడవాళ్ల ఓపిక నశించిందని చెబుతారు.

అంతే! దూబగుంట ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత ఊరి పేరుతో కలిసిపోయి ‘దూబగుంట రోశమ్మ’ అయింది. ఆ విజయమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా మారి అక్షరాస్యత వాచకంలోకి ఎక్కింది. ఒక ఊరి కథను వందల ఊళ్లు చదివాయి. చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని మహిళలు సారా బండ్లను అడ్డుకున్నారు. 1992లో జిల్లాలో సారా పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. అది 1997లో సడలిపోయిందనుకోండి, అది వేరే కథ.

ఈ పోరాటంలో ఓ విశేషం ఉంది. వాళ్లు రాత్రి బడికి వెళ్లింది తమ కోసం. ఆ గంటసేపూ వాళ్లు ఎవరి భార్యా కాదు, ఎవరి తల్లీ కాదు... విద్యార్థులు. ఆ గంటలో దొరికిన ధైర్యమే తిరిగి ఇంటిని నిలబెట్టింది. సారా పోయాక మిగిలిన రూపాయిని రోజుకొకటి చొప్పున దాచుకునే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు ఈ జిల్లాలోనే ఊపందుకున్నాయి. పిల్లల ఫీజులకూ, ఆసుపత్రి ఖర్చులకూ వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిన అవసరం కొంతైనా తగ్గింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆమె మొదలెట్టిన అలవాటు మాత్రం పొదుపు పుస్తకాల రూపంలో మెట్ట ఇళ్లలో ఇంకా బతికే ఉంది.

చెంచా నేర్పిన పాఠం

కలిగిరి నుంచి వింజమూరు, దుత్తలూరు మీదుగా పడమటికి సాగితే ఎదురుగా కొండ. దాని కింద ఒదిగిన ఊరు ఉదయగిరి. నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఇక్కడి వీధుల్లో మధ్యాహ్నం పూట నడిస్తే కొన్ని ఇళ్లలోంచి ‘సర్... సర్’మని చెక్కను గీకుతున్న చప్పుడు వినిపిస్తుంది. చెక్క చెంచాలు తయారవుతున్న చప్పుడది!

దుర్గం అడవుల్లో దొరికే నర్ది, కల్ది, బిక్కి, పాలబరికి వంటి చెట్ల కొమ్మలే ముడిసరుకు. తేలిగ్గా ఉండాలి, పగలకూడదు, నీళ్లలో తడిసినా పాడవకూడదు. ముందు కొమ్మను కొలతకు కోస్తారు. ఆకారం తీస్తారు. ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, పిడి మీద పూలూ లతలూ చేపలూ చెక్కుతారు. గరిటెలు, ఫోర్కులు, కత్తులు, దువ్వెనలు... చేతిలోకి తీసుకుంటే ఈకంత తేలిక. 2015లో ఉదయగిరి చెక్క కట్లరీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల మహిళలే. పొద్దున్నే వంట, పిల్లల్ని బడికి పంపడం, అత్తమామల మందులు... అన్నీ అయ్యాక గుమ్మం లోపల చాప వేసుకుని పనిముట్లు ముందేసుకుంటారు. చాలామందికి ఇది ఇష్టపడి ఎంచుకున్న పని కాదు. ఇంటాయన సంపాదన చాలకో, దూరాన ఉన్నాయన దగ్గర నుంచి డబ్బు రాకో, ఒంటరిగా మిగిలిపోయో... అవసరం నేర్పిన విద్య. చేసుకుంటూ పోగా చేతికి ఒడుపు వచ్చింది. ‘ఫలానావాళ్ల కోడలు’ అన్న పిలుపు పోయి ‘పని తెలిసిన మనిషి’ అన్న పేరు వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు తమ కోసం మొదలెట్టి ఇంటిని నిలబెట్టారు. ఉదయగిరి ఆడవాళ్లు ఇంటి కోసం మొదలెట్టి తమను తాము నిలబెట్టుకున్నారు. బయల్దేరిన చోటు వేరు, చేరిన చోటు ఒకటే.

కష్టాలు లేవని కాదు. కొమ్మ తేవాలంటే అడవికి వెళ్లాలి, అనుమతులు కావాలి. దగ్గరలో దొరికే చెట్లు తగ్గిపోతున్నాయి. పూటంతా కూర్చుంటే తయారయ్యేవి కొన్నే. చదువుకున్న ఆడపిల్లలు ఉద్యోగాల వైపు చూస్తున్నారు. చూడాలి కూడా! అమ్మ చెంచాలు చెక్కింది బిడ్డ చదువుకోవాలనే కదా. కాకపోతే ఆ చదువు ఫలించిన రోజున ఆ పనిముట్లు ఎవరి చేతికి వెళతాయన్నదే ఆ ఇళ్లలో జవాబు లేని ప్రశ్న.

దేవుడికీ తప్పని వలస

ఊరికి కాపలా కాస్తున్నట్టు ఉండే కొండ ఎత్తు మూడు వేల అడుగులకు పైనే. మొత్తం పదమూడు కోటలనీ, ఎనిమిది కొండ మీద, అయిదు కింద ఉండేవనీ పాత గెజిటీర్లు చెబుతాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు చుట్టుముడితే లొంగడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట చిక్కింది. ఆ జూలైలోనే రాయలు తిరుమల వెళ్లి శ్రీవారికి ముప్ఫయివేల వరహాలతో కనకాభిషేకం చేయించారని అక్కడి శాసనం చెబుతోంది.

గెలిచిన రాజు ఉదయగిరి నుంచి తీసుకెళ్లింది బంగారం మాత్రమే కాదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని వెంట తీసుకెళ్లి, విజయనగరంలో ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. హంపిలో నేటికీ నిలిచి ఉన్న కృష్ణాలయం అదే. అయితే గర్భగుడి ఖాళీ! దెబ్బతిన్న ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి కన్నడదేశానికి, అక్కడి నుంచి చెన్నపట్నానికి... మెట్ట మనుషులు పొట్ట చేతపట్టుకుని నడిచిన దారుల్లోనే దేవుడూ నడిచాడన్నమాట. ఆయనకు మాత్రం తిరిగి రావడం కుదరలేదు.

కొండ ఎక్కేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరాలి. నీళ్లూ, తిండీ, దారి తెలిసిన మనిషీ తోడుండాలి. పైన కూలిన బురుజులు, మసీదులు, కోనేళ్లు చూసి దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. కింద రంగనాయకుల గుడి శిథిలాల దగ్గర కాసేపు కూర్చుంటే కోటను కాపాడలేకపోయిన రాతిగోడలు కనిపిస్తాయి. ఊళ్లోకి వచ్చి ఏ చెంచాల ఇంటి ముందో నిలబడితే ఇంటిని కాపాడుతున్న చేతులు కనిపిస్తాయి.

సాయంత్రం ఉదయగిరి బస్టాండులో ఊరికి వచ్చి వెళ్లేవాళ్లు కనిపిస్తారు. నాన్న ఆపరేషన్‌కు వచ్చి సెలవు అయిపోయి వెళ్లేవాళ్లు, చెల్లి కాపురం చక్కబెట్టడానికి వచ్చినవాళ్లు, దినాలు ముగించుకుని బరువుగా బస్సెక్కేవాళ్లు. వాళ్లను సాగనంపడానికి వచ్చిన అమ్మలు కిటికీ దగ్గర నిలబడి ఊరగాయ సీసా, అరిసెల డబ్బా అందిస్తుంటారు. ‘చేరగానే ఫోన్ చెయ్యి’ అంటారు. బస్సు కదిలాక కొంగుతో కళ్లొత్తుకుని ఇంటిదారి పడతారు.

ఇంటి దగ్గర పొదుపు సంఘం సమావేశం ఉంటుంది. సగంలో ఆపిన చెంచా ఉంటుంది.