ముల్లు నిండుగానే ఉంది

నలభై ఏళ్ళు దాటాక నేను హెవీ లైసెన్సుకి చదవడం మొదలుపెట్టాను. చదవడం అంటే నిజంగానే చదవడం. మా ఇంట్లో అందరూ నవ్వారు. లారీ నడపడానికి పుస్తకం ఎందుకని మా ఆవిడ అడిగింది. మా చిన్నాన్న నవ్వలేదు, ఏమీ అనలేదు. ఆయన ఎందుకు ఏమీ అనలేదో చివర్లో చెబుతాను.

మాది రంగత్, మధ్య అండమాన్. మా తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చాం. మా చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది: దశరథ్‌పూర్, జనక్‌పూర్, ఊర్మిళాపూర్, పంచవటి. అడవి కొట్టి కొత్తగా ఊళ్ళు కట్టినప్పుడు ఎవరో రామాయణం ముందు పెట్టుకుని పేర్లు పంచినట్టుంది. ఇక్కడ బతుకంతా రోడ్డు మీదా, జెట్టీ మీదా ఆధారపడి ఉంటుంది. నేను చాలా ఏళ్ళు పికప్ వ్యాను నడిపాను. ఒక సరుకుల వ్యాపారి తన లారీ నన్ను నడపమన్నాడు, జీతం దాదాపు రెట్టింపు. అలా మొదలైంది.

మన దేశంలో ఎయిర్ బ్రేకులకి విడిగా పరీక్ష లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైట్ వెహికల్ లైసెన్సు వచ్చి ఏడాది కావాలి, వయసు ఇరవై నిండాలి, డ్రైవింగ్ స్కూలు నుంచి సర్టిఫికెట్ కావాలి, ఆ తర్వాత బండి నడిపి చూపించాలి. నేను చేరిన స్కూల్లో మొదటి రోజు నేర్పిన పాఠం ఏమిటంటే, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. రెండో రోజు గేర్లు. బ్రేకుల గురించి చెప్పింది ఒకే ముక్క: "బుస్సుమని శబ్దం వస్తే బాగున్నట్టు."

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. వాడూ అప్పుడే అక్కడ లారీ లైసెన్సుకి తయారవుతున్నాడు. అక్కడ ఎయిర్ బ్రేకుల మీద వేరే రాత పరీక్ష ఉంది. అది పాసవకపోతే లైసెన్సు మీద ఆంక్ష రాస్తారు, ఎయిర్ బ్రేకులున్న బండి ముట్టుకోకూడదు. వాడు తన మాన్యువల్లో ఐదో విభాగం నాకు వాట్సాప్‌లో పంపాడు. 2020 ఆగస్టులో సముద్రం అడుగున కేబుల్ వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, అంతకుముందైతే ఆ పీడీఎఫ్ దిగేలోపు వాడి పరీక్ష అయిపోయేది.

స్కూలు పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం అంటున్నారు). రంగత్ నుంచి సుమారు 170 కిలోమీటర్లు. మధ్యలో జార్వా రిజర్వు ఉంది, కాన్వాయ్‌లోనే వెళ్ళాలి. బారాటాంగ్ జెట్టీ దగ్గర ఫెర్రీ కోసం పడిగాపులు. ఆ పడిగాపుల్లోనే నేను ఆ విభాగం మూడుసార్లు చదివాను.

చదివితే మొదట తెలిసింది నేను ఇన్నాళ్ళూ తలకిందులుగా అనుకుంటున్నానని. గాలి అయిపోతే లారీకి బ్రేకులుండవని నా నమ్మకం. మీలో చాలామందికీ అదే అభిప్రాయం ఉండి ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు వేసేది గాలే, నిజమే. కానీ వెనక చక్రాల చాంబర్లలో బలమైన స్ప్రింగులు కూడా ఉంటాయి. వాటిని నొక్కిపెట్టి, బ్రేకు పడకుండా ఆపుతున్నది గాలి. ఒత్తిడి 60 పీఎస్ఐకి పడేలోపే బజర్ మోగాలి. 45కీ 20కీ మధ్యకి వచ్చేసరికి స్ప్రింగులు గెలుస్తాయి, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. అంటే గాలి పూర్తిగా పోయిన బండి పారిపోదు, నిలబడిపోతుంది.

ఈ ఆలోచన రైళ్ళ నుంచి వచ్చింది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు తీసుకున్న మొదటి ఎయిర్ బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు లేనట్టే. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు: గొట్టంలో ఒత్తిడి తగ్గితే బ్రేకు పడుతుంది. ఏదో ఒకరోజు గొట్టం తెగుతుందని ముందే ఒప్పుకుని చేసిన యంత్రం అది. నాకు ఇది చాలా నచ్చింది. మన ఊళ్ళో ఏ పని మొదలుపెట్టినా "అలాంటి మాటలు అనకు, అశుభం" అంటారు కదా, ఆయన ఆ అశుభం మాటతోనే మొదలుపెట్టాడు.

అక్కడే నాకు చిన్నాన్న గుర్తొచ్చాడు.

2009లో వానాకాలం చివర, చిన్నాన్న నడుపుతున్న లారీ ఒక దిగుడులో ఆగకుండా పోయి చెట్టుకి కొట్టుకుంది. కంకర లోడు. క్లీనర్ కుర్రాడు చనిపోయాడు. వాడికి పందొమ్మిదేళ్ళు. చిన్నాన్న కాలు విరిగింది, ఆ తర్వాత ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు.

ఆ కథ మా ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో. పెడల్ ఎప్పటిలాగే ఉంది, గాలి ముల్లు నిండుగానే ఉంది, హ్యాండ్ బ్రేకు లాగినా పట్టలేదు, ఏదో కాలిన వాసన వచ్చింది. అన్నిటికంటే పెద్ద సంగతి, మర్నాడు మెకానిక్ వచ్చి చూస్తే బ్రేకులు చక్కగా పట్టాయి! ఇంకేముంది, ఆ మలుపులో ఏదో ఉందన్నారు. ఆ శనివారం నిమ్మకాయలు కట్టడం మరిచిపోయారని కూడా ఎవరో గుర్తుచేశారు. హేతువాదిగా నేను ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కథల్ని కొట్టిపారేస్తూనే ఉన్నాను. కానీ ఈ కథకి నా దగ్గర జవాబు లేదు. "అదంతా ఉత్తిదే" అనడం జవాబు కాదని నాకూ తెలుసు. ముల్లు నిండుగా ఉండి బ్రేకెందుకు పట్టలేదు? మర్నాడు ఎందుకు పట్టింది?

జవాబు ఆ ఐదో విభాగంలోనే ఉంది. డ్రమ్ము బాగా వేడెక్కితే వ్యాకోచిస్తుంది, లైనర్ల నుంచి దూరం జరుగుతుంది. ఆ దూరం దాటి తొయ్యడానికి పుష్ రాడ్ ఇంకా ముందుకి రావాలి, దానికేమో ఒక హద్దుంది. స్లాక్ అడ్జస్టర్లు ముందే వదులుగా ఉంటే ఆ హద్దు ఇంకా తొందరగా వస్తుంది. లైనర్ కాలితే పట్టూ తగ్గుతుంది. గాలి ఎంత నిండుగా ఉన్నా లాభం లేదు. హ్యాండ్ బ్రేకు నొక్కేదీ ఆ లైనర్లనే, ఆ కాలిన డ్రమ్ము మీదే. రాత్రికి డ్రమ్ము చల్లారుతుంది, తెల్లారేసరికి బ్రేకు మళ్ళీ పడుతుంది. పైగా పికప్‌లో ఆయిల్ బ్రేకు పాడైతే పెడల్ లోపలికి దిగిపోయి కాలికి కబురు చెబుతుంది. ఎయిర్ బ్రేకు పెడల్ ఏ కబురూ చెప్పదు.

మరి డ్రమ్ములు అంత ఎందుకు వేడెక్కాయి? ఇక్కడ పాత డ్రైవర్లకి డీజిలు మిగుల్చుకునే అలవాటు ఉంది. దిగుడొస్తే న్యూట్రల్‌లో వదిలేస్తారు. అప్పుడు బండి బరువంతా బ్రేకుల మీదే. మాన్యువల్ చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసుకో, ఇంజనే ఆపుతుంది, బ్రేకు దానికి సాయం మాత్రమే.

పదిహేనేళ్ళు దాటిన ప్రమాదం. ఆ లారీ తుక్కుకి పోయింది. ఇది ఇలాగే జరిగిందని ప్రమాణం చేయలేను. కానీ ఆ కథలో వింతగా ఉన్న నాలుగు సంగతులకీ ఇది ఒక్కటే సరిపోతోంది.

ఒక రాత్రి భోజనాలయ్యాక చిన్నాన్నకి చెప్పాను. కాగితం మీద డ్రమ్ము బొమ్మ గీసి మరీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు ఉత్సాహంగానే ఉంది, దాచకుండా చెబుతున్నాను. పెద్ద చిక్కుముడి విప్పాను కదా!

ఆయన బొమ్మ చూశాడు. "ఆ దినం న్యూట్రల్లోనే దింపినాను" అన్నాడు. కాసేపాగి, "అయితే ఆ గుంటడు నా వల్లే పోనాడంటావు" అన్నాడు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అడ్జస్టర్లు చూడాల్సింది ఓనరని, అప్పట్లో ఎవరూ నేర్పలేదని. ఆయన వినలేదు, లేచి వెళ్ళి పడుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. మూఢనమ్మకం వల్ల మనిషికి జరిగే నష్టాల గురించి నేను చాలా వ్యాసాలు రాశాను. ఆ మలుపులోని దెయ్యం ఇన్నేళ్ళూ మా చిన్నాన్నని నిద్రపోనిచ్చిందన్న సంగతి ఏ వ్యాసంలోనూ రాయలేదు. చెప్పి ఉండకూడదా? ఇప్పటికీ చెప్పాలనే అనుకుంటున్నాను. కానీ అలా బొమ్మ గీసి, పరీక్షకి జవాబు చెప్పినట్టు చెప్పి ఉండకూడదు.

పరీక్ష పాసయ్యాను. ముందుకి నడిపించారు, రివర్స్ చేయించారు, కొన్ని గుర్తులు అడిగారు, అంతే. గాలి గురించి ఒక్క ప్రశ్న లేదు. మా మేనల్లుడు మాత్రం ఇంజను ఆపి, బ్రేకు వదిలి నిమిషానికి 2 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదని, పెడల్ తొక్కి పట్టుకుంటే 3 దాటకూడదని చేసి చూపించాల్సి వచ్చిందట.

లారీ అప్పజెప్పిన మొదటి రోజు పొద్దున్న ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తెరిచాను. మా దీవుల్లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, గాలి నిండా తేమే. అరగ్లాసుడు నీళ్ళు వచ్చాయి, తుప్పు రంగులో. వెనక అడుగుల చప్పుడు వినబడింది. చిన్నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ రాత్రి తర్వాత ఆయన నాతో సరిగా మాట్లాడి మూడు వారాలైంది. జేబులోంచి నిమ్మకాయలు తీసి ముందు బంపరుకి కట్టాడు. నేను ఊరుకున్నాను.

తర్వాత చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నాడు. పార్కింగ్ బ్రేకు వదలమన్నాడు. కర్ర పక్కన పెట్టి, విరిగిన కాలు చాపుకుని మెల్లగా బండి కిందకి దూరాడు.

"అడ్జస్టర్ సేత్తో లాగితే ఎంత రావాలని రాసుందిరా నీ పుస్తకంలో?"

"అంగుళం దాటకూడదు చిన్నాన్నా."

కిందనుంచి ఇనుము కదిలిన చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు. "ఎడమేపుది అంగుళంన్నర వస్తంది. స్పానర్ అట్టుకురా."