నడుమ ముప్పై దినాలు

అర్జీ చదవడం వేరు, అర్జీ పెట్టుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని అయిదు నిమిషాల్లో తేల్చడం వేరు. 2008లో ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజననూ మరో గ్రామీణ పథకాన్నీ కలిపి పి.ఎం.ఇ.జి.పి. తెచ్చాక, కలెక్టరు అధ్యక్షతన జిల్లా టాస్క్‌ఫోర్స్ కమిటీ ఇంటర్వ్యూలు చేసేది. 2020లో ఆ కమిటీని తప్పించి అర్జీలను నేరుగా బ్యాంకులకే పంపడం మొదలుపెట్టారు. అంతకుముందు షోలాపురంలో పనిచేసిన రోజుల్లో మా బ్యాంకు తరఫున నేనూ ఆ బల్ల వెనక కూర్చున్నాను.

వచ్చేవాళ్ళలో మన పద్మశాలీలు చాలామందే. తాతల నాడు తెలంగాణా నుంచి నేతపనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. చేతిలో మాత్రం ఏజెంటు రాసిచ్చిన ఇంగ్లీషు రిపోర్టు! దాన్ని బట్టీపట్టి ఒప్పజెప్పేవారు. "మాకు పోటీ ఎవరూ లేరు సార్" అన్నాడొకాయన ధీమాగా. పోటీ లేదంటే కొనేవాళ్ళూ లేరేమోనని బ్యాంకువాడికి అనుమానం. ఇంకొకాయన పచ్చడి సీసా మూత తీశాడు. అందరం రుచి చూశాం, బాగుంది. సీసా ధర ఎలా కట్టాడో మాత్రం చెప్పలేకపోయాడు.

2013లో వచ్చిన ఒకామె బాగా గుర్తు. టవల్స్ నేసే మరమగ్గాలు నాలుగు కావాలంది. ఇంగ్లీషు రెండో వాక్యానికే ఆగిపోయింది. "మీకు వచ్చిన భాషలోనే చెప్పండి" అన్నారు అధ్యక్షులు మరాఠీలో. ఆమె నావైపు చూసింది.

"చెప్పక్కా, నేను వాళ్ళకి చెబుతాను" అన్నాను.

సంచీలోంచి టవల్ తీసి బల్లమీద పరిచింది. "నూలు సేటు పదిహేను దినాలకే పైసలడుగుతడు సారూ. టవల్స్ కొన్న దుకాణపాయన నలభై అయిదు దినాలకిస్తడు. నడుమ ముప్పై దినాలు నేనే మొయ్యాలె. గీ కాగితంల అది లేదు."

నిజమే. రిపోర్టులో డబ్బంతా యంత్రాలకే పోసేశాడా ఏజెంటు! ఆమె మగ్గానికి రోజుకెంత నూలు పడుతుందో, ముప్పై దినాలకెంతవుతుందో వేళ్ళమీద లెక్కగట్టింది. సగంలో నన్ను వదిలేసి తానే మరాఠీలో అందుకుంది. బజారు మరాఠీయే, కానీ ఎవరికీ సందేహం మిగల్లేదు. మగ్గాలు రెండుకు తగ్గించి, మిగిలింది నూలు పెట్టుబడికి మార్చి రాసుకురమ్మంది కమిటీ.

ఏ భాషలో మాట్లాడమంటారని మన పిల్లలు నన్ను ఇప్పటికీ అడుగుతారు. లెక్క ఏ భాషలో వస్తుందో ముందు ఆ భాషలో ఇంట్లో వాళ్ళకు చెప్పండి, వాళ్ళకు అర్థమయ్యాక ఊరి భాషలోకి దింపుకోండి అంటాను. ఇంగ్లీషు వస్తే మంచిదే, రిపోర్టు చదవడానికి.

ఆమెకు తెలియంది సబ్సిడీ సంగతి. చాలామందికి తెలియదు. అయిదు లక్షల ప్రాజెక్టులో ఆడవాళ్ళు అయిదు శాతం, అంటే 25,000 పెట్టుకుంటే తక్కినది బ్యాంకు ఇస్తుంది. పట్నంలో వాళ్ళకు 25 శాతం సబ్సిడీ, అంటే లక్షా పాతికవేలు. అది చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమవుతుంది. బయటికి వచ్చాక వరండాలో ఈ మాటే చెప్పాను.

"అంటే మూడేండ్లు అది నాది కానట్టేనా సారూ?"

"అంతేనక్కా."

"అయితే లెక్కల ఎయ్య" అని టవల్ మడిచి సంచీలో పెట్టుకుంది.