నాన్నగారి కలం

తండ్రి నుండి బిడ్డలకు సంక్రమించే వస్తువులలో కలం స్వభావం వేరు. పొలం కౌలుకిచ్చినా పండుతుంది. నగను పెట్టెలో భద్రపరచినా వన్నె తరగదు. కలం మాత్రం దాచిపెడితే పాడవుతుంది. ఈ చిన్న సత్యాన్ని గ్రహించడానికి మా అన్నదమ్ములిద్దరికీ తొమ్మిది సంవత్సరాలు పట్టింది. ఆ ఆలస్యం వల్ల మేము పోగొట్టుకున్నదేమిటో, తిరిగి పొందినదేమిటో విద్యార్థి మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా నాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తా. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారు. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చిన మీదట, పిల్లల వాచకాలు ముందు పెట్టుకొని తెలుగు రాత దిద్దుకున్నారు. అది మొదలు కచేరీ కాగితాలు తెలుగులోను, ఇంటి లెక్కలు ఉర్దూలోను రాసేవారు. రెండింటికీ కలం ఒక్కటే. హైదరాబాదు వెళ్ళినపుడు అబిడ్సులో కొన్న నల్లని ఎబొనైట్ కలం అది. రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరచగా ఏర్పడే పదార్థమే ఎబొనైట్. చేతికి చల్లగా తగలదు, చెమటకు జారదు.

ప్రతి శుక్రవారం ఉదయం, జుమా నమాజుకు తాము స్నానం చేయబోయే ముందు నాన్నగారు కలానికి స్నానం చేయించేవారు. మర విప్పి, మిగిలిన సిరా వంపి, కుండలోని చల్లని నీటితో, నీరు తేటగా వచ్చేవరకు కడిగేవారు. పాత ధోవతి గుడ్డతో తుడిచి ఆరబెట్టేవారు. మేము రాయబోయి పాళీని నొక్కితే, “మెల్లగా బేటా, కలానికి చెవుడు లేదు” అనేవారు.

2009లో వారు పరమపదించారు. ఆ కలాన్నీ, ఉర్దూ లెక్కల పుస్తకాన్నీ పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో ఉంచాము. ముట్టుకోకపోవడమే గౌరవమని తలచాము. కలంలో సిరా ఉన్నదన్న సంగతి మాకు తోచనేలేదు.

2018లో మా అన్నగారి అమ్మాయి, “తాతగారు ఏమి రాశారో చదివి వినిపించండి” అని అడిగింది. మూట విప్పాము. సిరా ఎండి గడ్డకట్టింది. మూత బిగుసుకుపోయింది. పుస్తకం తెరిచాము. మాలో ఒక్కరమూ చదవలేకపోయాము. ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ, చదువుకున్నది తెలుగు. మా భాష మా నోట ఉన్నది గాని చేతిలో లేదు. పిల్ల ముఖం చూడలేక పుస్తకం మూసివేశాము.

తొందరపాటుతో మరొక తప్పు కూడా చేశాము. సిరా కరుగుతుందని కలాన్ని వేడినీటిలో వేశాము. ఎబొనైట్‌కు వేడినీరు శత్రువు. నిగనిగలాడే నలుపు కాస్తా క్షణాలలో బూడిద కలిసిన గోధుమరంగుకు తిరిగింది.

హైదరాబాదులో కలాలు బాగుచేసే ఒక వృద్ధుని వద్దకు వెళ్ళాము. ఆయన కోప్పడలేదు. చల్లని నీటిలో రెండు రోజులు నానబెట్టి, పాళీని, దాని కింద సిరాను అందించే నాలుకను వేరుచేశారు. నాలుక చిట్లింది. దానిని మార్చి, పాళీని సవరించి, పైభాగానికి మెరుగుపెట్టారు. పాత నలుపు సగమే తిరిగి వచ్చింది. కలం మా చేతికి ఇస్తూ, “దాచుకోవడానికా, రాయడానికా?” అని అడిగారు. రాయడానికేనని చెప్పాము.

కలం ఒకటి, మేము ఇద్దరము. కనుక రెండవదానికై రాజమహేంద్రవరం ప్రయాణమైనాము. స్వదేశీ స్ఫూర్తితో కె.వి.రత్నంగారు 1932లో కలాల తయారీ మొదలుపెట్టిన పట్టణమది. 1935లో గాంధీ మహాత్ముడు ఆ కలంతో రాసి చూసి, మెచ్చుకుంటూ ఆయనకు ఉత్తరం రాశారు.

మంచి కలం కొనదలచిన విద్యార్థులకు మా అనుభవం చెబుతాము. మీరు రోజూ రాసే కాగితాన్ని వెంట తీసుకొని వెళ్ళండి. పాళీని సిరాలో ముంచి, మీ లిపిలోనే రాసి చూడండి. తెలుగు అక్షరాల గుండ్రదనం వల్ల పాళీ అన్ని దిక్కులకూ తిరగవలసి ఉంటుంది. కుడిచేత్తో ఉర్దూ రాసేటపుడు పాళీ ఎక్కువగా ముందుకు నెట్టబడుతుంది. అందుచేత తెలుగులో సాఫీగా నడిచిన పాళీయే ఉర్దూలో కాగితాన్ని గీకవచ్చు. పైగా కుడి నుండి ఎడమకు సాగే చేయి ఆరని అక్షరాలను తాకే ప్రమాదమున్నది. నాన్నగారు అద్దుడు కాగితాన్ని విడువకపోవడానికి కారణం మాకు అప్పుడు తెలిసింది.

బంగారు పాళీ లేదని చింతించనక్కరలేదు. 14 కారెట్ల పాళీలో నూటికి 58 పాళ్ళకు పైగా బంగారముంటుంది. ఆమ్లగుణం గల పాతకాలపు సిరాలు మామూలు ఉక్కును తినివేసేవి గనుక బంగారానికి అంత విలువ వచ్చింది. నేటి తుప్పుపట్టని ఉక్కు పాళీలు చక్కగా మన్నుతాయి. కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. కొనను అతికించిన గట్టి లోహపు పూస. పాళీ చీలిక తిన్నగా ఉన్నదా, పూస రెండు సగాలూ సమంగా ఉన్నవా అని భూతద్దంతో చూడండి.

ఫిల్లరుతో సిరా పోసుకునే కలం అయితే, అడుగంటే వరకు రాయవద్దు. ఖాళీ పెరిగినకొద్దీ లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి, సిరాను చుక్కగా బయటికి నెడుతుంది. పరీక్ష కాగితంపై పడే మచ్చలకు తరచుగా ఇదే కారణం. బొమ్మలు గీసే నల్ల సిరాను ఎన్నడూ పోయవద్దు. అందులో లక్క వంటి బంక పదార్థం ఉంటుంది, ఎండితే కరగదు. వేడినీరు, స్పిరిటు దగ్గరకు రానీయవద్దు. సెలవులకు వెళ్ళేముందు కలాన్ని ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టండి. అన్నిటికంటె ముఖ్యమైనది, రోజూ నాలుగు పంక్తులు రాయండి. కదిలే సిరా గడ్డకట్టదు.

ఆ రెండు కలాలతో మేము తలలు నెరసిన వయసులో అలిఫ్, బే దిద్దడం ఆరంభించాము. మా వీధిలోని విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు సాయంత్రాలు నేర్పారు. సుమారు ఏడాదికి నాన్నగారి పుస్తకాన్ని కూడబలుక్కొని చదవగలిగాము. బియ్యం, కిరసనాయిలు, ఇంటి అద్దె. ఒక పుటలో మాత్రం మా ఇద్దరి పరీక్ష ఫీజులు, వాటి ఎదురుగా “గడియారం అమ్మగా వచ్చిన సొమ్ము” అని ఉన్నది. ఆ గడియారం బస్సులో పోయిందని వారు మాతో చెప్పారు. అజాగ్రత్త మనిషని అమ్మ చాలాకాలం దెప్పింది. వారు నవ్వి ఊరుకున్నారు.

ఆ పంక్తిని అమ్మాయికి చదివి వినిపించింది మా అన్నగారు. వినవలసిన అమ్మ మాత్రం అప్పటికి లేదు. తొమ్మిదేళ్ళ ఆలస్యంలో మేము పోగొట్టుకున్నది అదే.

మన కళాశాలలో ఒకే కప్పు కింద రెండు లిపులు నేర్పుతున్నారు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ రాయడం ఎరుగని మిత్రులు మనలో కొద్దిమంది కారు. మీ ఇంటి బీరువాలో పెద్దలు వాడిన కలం ఏదైనా ఉంటే ఈ సెలవులలో బయటికి తీయండి. చల్లని నీటితో కడగండి. దాని పక్కన ఏదైనా పుస్తకం ఉంటే, చదవడం నేర్చుకోండి. చదివితే వినవలసినవారు ఇంకా మీ ఇంట ఉండగానే.