మేపుల్ చెట్ల నీడలో శీర్షాసనం
కెనడా కొండల్లోని ఈ యోగా శిబిరం వెళ్లినవారి వెన్నునే కాదు, ఆలోచనలనూ వంచి చూస్తుంది

మాంట్రియల్ నుంచి ఉత్తరంగా కారులో గంటసేపు వెళితే లారెన్షియన్ కొండల మధ్య వాల్ మోరిన్ అనే చిన్న ఊరు వస్తుంది. చలికాలంలో మంచు మీద స్కీయింగ్‌కు, సెప్టెంబరు చివర్లో ఎర్రబారే మేపుల్ ఆకులకు పేరుపడ్డ ప్రాంతమిది. ఒకనాటి రైలు మార్గం 200 కి.మీ. దాటిన సైకిల్ బాటగా మారి ఈ ఊరి మీదుగానే పోతుంది. వీధి బోర్డులన్నీ ఫ్రెంచిలోనే. అలాంటి చోట తెల్లవారుజామున గంట మోగి, ఆ వెంటనే ఓంకారం వినిపిస్తే కొత్తగా వచ్చిన భారతీయుడు ఉలిక్కిపడడంలో వింతేమీ లేదు.

అది శివానంద యోగా శిబిరం. రిషీకేశ్‌లోని స్వామి శివానంద శిష్యుడు, కేరళకు చెందిన స్వామి విష్ణుదేవానంద 1957లో అమెరికా చేరుకున్నారు. గురువు ఆయన చేతిలో పది రూపాయల నోటు పెట్టి పంపారని శిష్యులు చెబుతారు. 1960ల తొలినాళ్లలో ఆయన ఈ అడవిలో శిబిరం నెలకొల్పారు. యోగా టీచర్లకు శిక్షణ కోర్సు 1969లో మొదలుపెట్టారు. ప్రచారం విలువ తెలిసిన సన్యాసి ఆయన. 1971లో నటుడు పీటర్ సెల్లర్స్‌ను వెంటబెట్టుకుని అల్లర్లతో అట్టుడుకుతున్న బెల్‌ఫాస్ట్‌కు శాంతియాత్ర చేశారు. 1983లో చిన్న తేలికపాటి విమానంలో బెర్లిన్ గోడ దాటారు.

శిబిరంలో దినచర్య కఠినమే. ఉదయం 6 గంటలకు ధ్యానం, కీర్తనలు. 8 గంటలకు ఆసనాలు. 10 గంటలకు గానీ భోజనం పెట్టరు. ఆ తర్వాత అంట్లు తోమడమో, గదులు ఊడ్చడమో చేయాలి. దాని పేరు కర్మయోగం. సాయంత్రం మళ్లీ ఆసనాలు, 6 గంటలకు రెండో భోజనం, 8 గంటలకు సత్సంగం. వంటల్లో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ఉండవు. కాఫీ, టీ కూడా నిషేధమే. పొద్దున్నే కాఫీ గొంతులో పడనిదే కళ్లు తెరవని వారికి మొదటి రెండు రోజులూ తలనొప్పి తప్పదు.

ఆసనాల క్రమం శీర్షాసనంతో మొదలై త్రికోణాసనంతో ముగుస్తుంది. మొత్తం పన్నెండు. నేర్పేది తరచూ ఫ్రెంచి మాట్లాడే స్థానికులే. పిల్లల దగ్గరికని కెనడా వచ్చి, వారం రోజులు ఇక్కడ గడిపే తెలుగు తల్లిదండ్రులకు ఇదో విచిత్రమైన అనుభవం. చిన్నప్పుడు బడిలో సూర్య నమస్కారాలను తప్పించుకున్నవారు, అరవై ఏళ్ల వయసులో విదేశీ గురువు ముందు మోకాళ్లు వంచలేక తిప్పలు పడతారు. ‘మన యోగా’ అనే గర్వం ఆ చాప మీద ఎక్కువసేపు నిలవదు. యోగా పుట్టిన దేశంలో పుట్టినంత మాత్రాన అది ఒంటబట్టదని నడుము చెబుతుంది.

కొండ మీద సుబ్రహ్మణ్య, అయ్యప్ప ఆలయం ఉంది. కెనడాలో స్థిరపడిన శ్రీలంక తమిళులు కావడులు మోస్తూ ఇక్కడికి వస్తారు. యుద్ధం మూలంగా ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలకు ఈ అడవే పళని.

అయితే ఈ ప్రశాంతతకు మరో పార్శ్వమూ ఉంది. విష్ణుదేవానంద 1993లో మరణించారు. ఆయన తనను లైంగికంగా వేధించారని మాజీ సహాయకురాలు ఒకరు 2019లో బయటపెట్టారు. ఆ తర్వాత మరికొందరు మహిళలూ గొంతు విప్పారు. సంస్థ నియమించిన న్యాయవాది విచారణ జరిపి, ఆ మహిళల మాటలు నమ్మదగినవేనని తేల్చారు. దశాబ్దాలుగా ఆయన ఫొటోకు దండం పెట్టి ఆసనాలు మొదలుపెట్టినవారిలో కొందరు సంస్థకే దూరమయ్యారు. నేర్చుకున్న విద్యను మాత్రం వదలనివారూ ఉన్నారు.

వెళ్లదలచినవారు జూన్‌లో దోమలకు, జనవరిలో సున్నాకు 20 డిగ్రీల దిగువకు పడిపోయే చలికి సిద్ధపడాలి. వేసవిలో గుడారంలో ఉంటే ఖర్చు తగ్గుతుంది. చాప, దుప్పటితో పాటు కాస్త వివేకాన్నీ వెంట తీసుకెళ్లడం మంచిది. ఆసనం కోసం వెన్ను వంచాల్సిందే. గురువు ముందు కళ్లు మూసుకుని తల వంచాలని మాత్రం యోగాలో ఎక్కడా లేదు.