గోడకి కన్నం వేసేముందు...

"వెబ్ పేజీలో బటన్ నొక్కితే సిస్టమ్‌లో ఉన్న అప్లికేషన్ తెరుచుకోవాలి, అంతేగా! ఏముంది అందులో?" ఈ మాట అనని మేనేజరుని నేనింతవరకు చూళ్ళేదు. వాళ్ళు అనేస్తారు, చెయ్యాల్సింది మనం కాబట్టి అందులో ఏముందో కాస్త చెప్పుకుందాం.

బ్రౌజర్ అంటే ఊరూపేరూ తెలీని పేజీలకీ మన సొంత మెషీన్‌కీ మధ్య ఉన్న గోడ. ఒకప్పుడు ఆ గోడకి బోలెడు దొడ్డిదారులు ఉండేవి. యాక్టివెక్స్, జావా యాప్లెట్లు, రకరకాల ప్లగిన్లు. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ పాత ప్లగిన్లని ఆపేశాయి (ఫ్లాష్‌ని మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండనిచ్చాయి). మంచి పనే. కానీ దారి మూసినంత మాత్రాన అవసరం తీరిపోదు కదా!

ఇప్పుడు ముఖ్యంగా మిగిలినవి మూడు దారులు. మొదటిది మెయిల్‌టూ లాంటి సొంత లింకు. నొక్కగానే బ్రౌజర్ "ఈ అప్లికేషన్ తెరవమంటారా?" అని అడిగి తెరుస్తుంది. అవతల ఏమైందో మాత్రం పేజీకి తెలీదు, ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినట్టే. రెండోది ఎక్స్‌టెన్షన్ ద్వారా నేటివ్ మెసేజింగ్. పద్ధతైనదే, కాకపోతే ప్రతి మెషీన్లో ఎక్స్‌టెన్షన్ కూడా వేయించాలి. మూడోది అందరికీ ముద్దొచ్చేది. అప్లికేషన్ 127.0.0.1 మీద ఓ పోర్టు తెరుచుకుని కూర్చుంటుంది, పేజీ వెళ్ళి దాన్ని పలకరిస్తుంది.

చిక్కెక్కడంటే, పేజీ హెచ్‌టీటీపీఎస్, ఆ పోర్టు ఉత్త హెచ్‌టీటీపీ. చాలా ఏళ్ళు బ్రౌజర్లు దీన్ని ఒప్పుకోలేదు. తర్వాత క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 127.0.0.1కి మినహాయింపు ఇచ్చాయి. పాతవాటితో సహా అన్నిటినీ సంతోషపెట్టాలంటే మాత్రం ఆ పోర్టుకీ సర్టిఫికెట్ కావాలి. లోకల్‌హోస్ట్ పేరు మీద ఏ సర్టిఫికెట్ సంస్థా ఇవ్వదు. అతితెలివి మొదలయ్యేది ఇక్కడే.

మా ప్రాడక్టులో కార్ఖానాల త్రీడీ డ్రాయింగులు సర్వర్లో ఉంటాయి, చూడ్డానికి డెస్క్‌టాప్ వ్యూయర్ ఉంటుంది. (బ్రౌజర్లోనే వెబ్‌జీఎల్‌తో చూపించొచ్చుగా అంటారేమో. చిన్న పార్టులకి సరే, వేల పార్టుల అసెంబ్లీకి మెమరీ చాలదు.) సంక్రాంతి ముందు రిలీజు. పైనుంచి సలహా వచ్చింది: "సొంత రూట్ సర్టిఫికెట్ ఒకటి చేసి ఇన్‌స్టాలర్లో పెట్టెయ్ బాబూ, కీ కూడా అప్లికేషన్లోనే ఉంటుంది. కస్టమరు ఇవన్నీ చూస్తాడా ఏంటి?"

కస్టమరు చూడడు సార్, చూడాల్సినవాడు చూస్తాడు అన్నాను.

2015 ఫిబ్రవరిలో లెనోవో లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అని ఒకటి బయటపడింది, గుర్తుందా? అన్ని మెషీన్లలోనూ ఒకే రూట్ సర్టిఫికెట్, ఒకే ప్రైవేట్ కీ. ఆ కీ ఇట్టే బయటికొచ్చేసింది. అది చేతిలో ఉన్నవాడు బ్యాంకు పేరుతో దొంగ పేజీ పెట్టినా ఆ లాప్‌టాప్‌లు నమ్మేస్తాయి. అదే ఏడాది నవంబరులో డెల్‌ది కూడా ఇంచుమించు ఇదే కథ. కంచే చేను మేయడమంటే ఇదే. 2019లో జూమ్ మాక్ మెషీన్లలో తెరిచిపెట్టిన లోకల్ సర్వర్ సంగతీ తెలిసిందే. అప్లికేషన్ తీసేసినా ఆ సర్వర్ అక్కడే ఉండిపోయేది. చివరికి ఆపిల్ ఓ అప్‌డేట్ పంపి తీసేయాల్సొచ్చింది.

అందుకని వేరే దారి చెప్పాను. పేజీ సొంత లింకుతో వ్యూయర్‌ని తెరుస్తుంది, ఒక్కసారికే పనికొచ్చే టోకెన్ ఇస్తుంది. వ్యూయర్ నేరుగా సర్వర్‌తో మాట్లాడి "తెరిచాను" అనో "తెరవలేకపోయాను, కారణం ఇదీ" అనో చెబుతుంది. పేజీ ఆ జవాబు సర్వర్ని అడిగి తెలుసుకుంటుంది. లోకల్ పోర్టు లేదు, సర్టిఫికెట్ గొడవ లేదు. రిలీజు రెండు వారాలు ఆలస్యమైంది. నా సంక్రాంతి ఆఫీసులోనే గడిచింది. ఆ ఏడు అప్రైజల్లో "ప్రతిదానికీ అడ్డుపడతాడు" అని రాశారు కూడా. సరే, రాసుకోనీండి.

దాని ఫలితం తర్వాత తెలిసింది. బాలానగర్‌లో ఓ టూల్ రూమ్ సూపర్‌వైజరు గారు ఫోన్ చేశారు. "సార్, మీ వెబ్‌సైటు పనిచెయ్యట్లేదు. పదింటికి జాబ్ మెషీన్ ఎక్కాలి, డ్రాయింగ్ రావట్లేదు." పాత పద్ధతైతే వెబ్ టీమ్ వ్యూయర్ టీమ్‌ని, వాళ్ళు నెట్‌వర్క్‌ని తిట్టుకుంటూ సగం రోజు గడిచిపోయేది. ఈసారి సర్వర్ లాగ్‌లో వ్యూయర్ రాసిన జవాబు ఉంది. రెండరర్: జీడీఐ జెనెరిక్, ఓపెన్‌జీఎల్ 1.1.

అంటే ఆ మెషీన్లో గ్రాఫిక్స్ డ్రైవరే లేదన్నమాట! ముందురోజు ఎవరో విండోస్ మళ్ళీ వేశారు, కార్డు డ్రైవర్ వెయ్యడం మర్చిపోయారు. విండోస్ తన దగ్గరున్న బేసిక్ డిస్‌ప్లే ఎడాప్టర్‌తో నెట్టుకొస్తోంది. డెస్క్‌టాప్ కనిపిస్తుంది, వర్డ్ తెరుచుకుంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. త్రీడీ అడిగితే మాత్రం 1997 నాటి ఓపెన్‌జీఎల్ చేతికిస్తుంది. డ్రైవర్ వేయించాం, పదింటికల్లా జాబ్ మెషీన్ ఎక్కింది.

గ్రాఫిక్స్ డ్రైవర్లతో ఎప్పుడూ ఇదే తంటా. రెండు కార్డులున్న లాప్‌టాప్‌లో అప్లికేషన్ చిన్న కార్డుకి పోతుంది, పెద్దది ఖాళీగా ఉంటుంది. బ్రౌజర్లయితే నమ్మకం లేని డ్రైవర్ల జాబితానే పెట్టుకుంటాయి, అందులో మీ డ్రైవర్ ఉంటే చప్పుడు చెయ్యకుండా సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కి దిగిపోతాయి. వాడేవాడికి తెలిసేది ఒక్కటే, "మీ సైటు స్లో".

నన్నడిగితే, గోడ అవతల పని చేయించడం గొప్ప కాదు, అవతల ఏమైందో వాడేవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడం అసలు పని. అది చాతకాకే "యాంటీవైరస్ ఆపండి, అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ అనండి" అని జనానికి నేర్పుతున్నాం. రేపు దొంగ పేజీ కూడా అదే చెప్పినప్పుడు వాళ్ళు అదే నొక్కుతారు, ఆ అలవాటు చేసింది మనమే.

2025 నుంచి క్రోమ్, బయటి సైటు లోకల్ పోర్టుని తట్టబోతే ముందు మనల్ని అనుమతి అడుగుతోంది. మా ఆఫీసులో కొందరు దీన్ని చూసి విసుక్కున్నారు. నాకైతే సంతోషంగానే ఉంది. ఇంతకీ మీ ప్రాడక్టు కస్టమరు మెషీన్లో ఏ పోర్టు తెరుస్తోందో, ఏ సర్టిఫికెట్ వదిలి వస్తోందో ఎప్పుడైనా చూశారా? లేకపోతే ఈ వారంలో ఓసారి చూడండి.