ఋణము లేని క్రిస్మసు

పండుగ వచ్చుచున్నదనగా ఇంటిలోని పిల్లలు దినములను లెక్కింతురు. ఇల్లాలు రూపాయలను లెక్కించును. ఈ రెండు లెక్కలును సరిపడిననాడే పండుగ పండుగగా నుండును. సరిపడనినాడు డిసెంబరు 25వ తేదీ గడచిపోవును గాని, దాని బాకీ మాత్రము వేసవి దాక గడచిపోదు.

క్రిస్మసు జరుపుకొను తెలుగు గృహములలో నొకదానికి నేను ఇల్లాలను. ముప్పది యేండ్లుగా ఆ యింటి జమాఖర్చుల పుస్తకము వ్రాయుచున్నాను. అది నాకు నేర్పిన సంగతులను సోదరీమణులతో ముచ్చటించుటయే నా యుద్దేశము. ఇందు జెప్పువానిలో పెక్కు సంక్రాంతికిని, దసరాకును, రంజానునకును గూడ వర్తించును గనుక, ఇతర మతముల సోదరీమణులును దీనిని చదువ గోరెదను.

మొదట వ్యయము ఎచ్చట నగుచున్నదో చూతము. ఇంటిల్లిపాదికి క్రొత్తబట్టలు, వాని కుట్టుకూలి, వాకిట నక్షత్రము, దీపములు, చెట్టు, కేకు, పిండివంటలు, బంధువులకు కానుకలు, గుడిలో అర్పణ, పేదలకు ఇచ్చునది. ఇవి యన్నియు ఒక్క నెలలోనే వచ్చి మీద పడును. వీనిలో తగ్గింపదగినది ఆడంబరము, తగ్గింపరానిది ఈవి. ఈ రెండింటిని వేరుచేసి చూడనేర్చుటయే పండుగ పొదుపునకు మొదటి మెట్టు.

మా వీధిలో నొక యిల్లాలు కలదు. దుబారా మనిషి కాదు. అగ్గిపుల్లను సైతము ఆలోచించి గీయును. అట్టి యామె నాలుగేండ్ల క్రిందట క్రిస్మసునకై తన చెవికమ్మలు తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చెను. నెలకు వడ్డీ 300 రూపాయలు. జనవరిలో సంక్రాంతికి చుట్టములు వచ్చిరి. మార్చిలో పరీక్ష రుసుము, జూనులో బడి రుసుము వచ్చినవి. ఏడాది తిరుగునప్పటికి వడ్డీక్రింద 3,600 రూపాయలు చెల్లినవి, అసలు అట్లేయున్నది, కమ్మలు షావుకారు పెట్టెలోనే యున్నవి. ఆ వడ్డీ సొమ్ముతోనే మరుసటి పండుగకు బిడ్డల బట్టలు వచ్చియుండును గదా యని నేననగా, ఆమె యిట్లనెను:

“వదినా, లెక్క నాకూ తెలుసు. గుడిలో అందరి పిల్లలూ కొత్తబట్టలతో నిలబడితే, నా పిల్లలు పాతవి కట్టుకొని ఎట్లా నిలబడతారు?”

ఈ ప్రశ్నకు వడ్డీలెక్క సమాధానము కాదు. ‘నలుగురిలో నా బిడ్డలు చిన్నబోరాదు’ అను తల్లి మనసును తప్పుపట్టువారెవ్వరు? నన్నడిగినచో, పండుగ సామగ్రి అంతటిలోను మిక్కిలి వెలగలది ఈ ‘నలుగురు’ అను మాటయే. మనము కొనునవి పెక్కు మన కొఱకు గాక నలుగురి కన్నుల కొఱకు కొనుచున్నాము. ఆ నలుగురును మన వాకిలి చూచి తమ వాకిలికై అప్పు చేయుచున్నారు.

అయినను ఈ పండుగకు చేర్చిన అలంకారములలో పెక్కు ప్రాచీనములు గావు. మన నేలవియు గావు. క్రిస్మసు చెట్టు జర్మనీ దేశపు టాచారము. విక్టోరియా రాణియు ఆమె భర్తయు బిడ్డలతో చెట్టుచుట్టు నిలిచిన చిత్రము 1848లో లండనులో నొక సచిత్ర పత్రికలో వెలువడిన పిమ్మట అది ఇంగ్లండున ఇంటింటికి ప్రాకినది. శుభాకాంక్షల కార్డును హెన్రీ కోల్ అను నాతడు 1843లో అచ్చొత్తించెను. కార్డొక్కటికి వెల ఒక షిల్లింగు, ఆ కాలమున అది కూలివానికి అందని వెల. అంతకంటె ఎంతయో ముందు, 1223లో, ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు పశువులతొట్టిని ఏర్పరచి పండుగ జరిపెను. దానికి కావలసినవి తొట్టి, గడ్డి, ఒక యెద్దు, ఒక గాడిద. పశువుల పాకలో మొదలైన పండుగకు ఆ యలంకారము చాలియుండెను.

మన నక్షత్రమును చూడుడు. అంగడిలో మెఱుగు నక్షత్రములు వేలాడుచున్నవి. ఒక్క వానకు వెలిసి, మరుసటి యేటికి పనికిరావు. ఇంటనే చేయవలెనన్న పది వెదురుబద్దలు చాలును. ఐదు బద్దలతో ఒక అయిదు మొనల చుక్కయు, తక్కిన యైదింటితో మఱియొకటియు కట్టి, రెండింటి మొనలను కలిపి దారముతో బిగింపవలెను. నడుమ ఐదు చోట్ల జానెడు పుల్లలను అడ్డముగా నిలిపినచో నక్షత్రము కడుపు ఉబ్బి నిలుచును. రంగుకాగితమును మైదాజిగురుతో అంటించి, దీపము పెట్టుటకు ఒక ప్రక్క విడువవలెను. పండుగ కాగానే కాగితము చించివైచి, వెదురుచట్రమును అటుకమీద భద్రపరచినచో మరుసటి యేట కాగితపు ఖర్చొక్కటియే.

లోపలి దీపము మాట. 60 వాట్ల పాతరకపు బల్బు రాత్రికి ఐదు గంటల చొప్పున నెల దినములు వెలిగినచో 9 యూనిట్ల విద్యుత్తు కాలును. 9 వాట్ల ఎల్ఇడి బల్బు అంతసేపును వెలిగిన ఒకటిన్నర యూనిట్టునకు మించదు. పైగా పాతబల్బు వేడికి కాగితము అంటుకొను భయము కలదు.

చెట్టునకు ప్లాస్టిక్కు కొమ్మలు కొననేల? బాపట్ల, చీరాల ప్రాంతముల ఇసుకనేలలలో సరుగుడు తోటలు కలవు. తోటవారి నడిగి తెచ్చిన కొమ్మ నొకదానిని ఇసుక నింపిన బకెట్టులో నిలిపిన చక్కని చెట్టు. మంచు చూడని మన యూళ్లలో మంచునకై డబ్బు పోయుటకంటె, గుంటూరు సీమ చేలలో విచ్చిన పత్తికాయలను పుల్లలతో గట్టుట మేలు. కేకునకు వాడు గ్రుడ్లను పగులగొట్టక, రెండు కొనలను చిల్లులు పెట్టి సొన ఊదితీసి, కడిగి రంగులు పూసినచో బుడ్డలు వచ్చును. తాటాకు చిలుకలు అల్లుట వచ్చిన అవ్వ యింటనున్నచో పిల్లలకు రెండు సాయంకాలములు ఇట్టే గడచును.

బట్టల విషయమున కాలమెఱుగుటయే పొదుపు. ఆషాఢమున పెండ్లిండ్లు జరుగవు గనుక బట్టల దుకాణములవారు బేరములు లేక వెలలు తగ్గింతురు. క్రిస్మసునకు కావలసిన చీరలను, గుడ్డలను అప్పుడే కొనుట నా అలవాటు. ఎదుగు పిల్లలకు మాత్రము గుడ్డ కొనియుంచి అక్టోబరులో కుట్టించి, లోపల రెండంగుళముల మడత విడిపింతును. డిసెంబరులో దర్జీ మన చేతికి చిక్కడు. చిక్కినను కూలి తగ్గింపడు.

ఇక సొమ్ము కూడబెట్టుట. మార్చి 1 మొదలు నవంబరు 30 వఱకు 275 దినములు. దినమునకు 20 రూపాయలు డబ్బాలో వేసినచో 5,500 రూపాయలగును. ఒక్కసారిగా తీయుటకు కొండవలె నుండు సొమ్ము, కూరగాయల చిల్లరలో మిగిల్చినచో తెలియకయే చేరును. చిన్నమొత్తముల బలమునకు మిజోరము సోదరీమణులే సాక్ష్యము. అచ్చటి ప్రెస్బిటేరియను సంఘపు స్త్రీలు 1910 నుండి, వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా నుంచి సంఘమున కిచ్చుచున్నారు. ఆ పిడికిళ్లే వారి సంఘకార్యములకు పెద్ద ఆధారమైనవి.

ఇన్నియు జెప్పినను మా వీధి యిల్లాలి ప్రశ్న మిగిలియే యున్నది. దానికి సమాధానము నాకు నా బాల్యమున దొరకినది. నా పదవయేట, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమను ఉప్పెన ముంచినది. వేలకొలది జనులు మరణించిరి. కృష్ణ కీవలి యొడ్డున, రేపల్లె ప్రాంతమున నున్న మా యూరను గాలివానకు ఇండ్లు కూలినవి. ఐదు వారములకు క్రిస్మసు వచ్చినది. మా యమ్మ నాకు రెండు గౌనులకై కొనియుంచిన గుడ్డ యుండెను. అందులో నొకటి నాకు కుట్టి, రెండవది ఇల్లు కూలి మా వసారాలో తలదాచుకొన్న యొక పిల్లకు కుట్టెను. ఊరి స్త్రీలందఱును అట్లే చేసిరి. ఆ యేట ఎవరి వాకిటను నక్షత్రము లేదు, ఎవరింటను కేకు లేదు. ఒకే గుడ్డ గౌనులు తొడిగి నేనును ఆ పిల్లయు ప్రక్కప్రక్కన నిలిచి పాడితిమి. ఏ యొక్కరికిని చిన్నతనము తోపలేదు; ఏలయన నలుగురును ఒక్క మాటమీద నుండిరి.

ఒక్క యిల్లు పొదుపు చేసినచో లోకము దానిని పిసినితనమనును. పది యిండ్లు కలిసి చేసినచో అదియే మర్యాదయగును. ఈ మాటను మూడేండ్ల క్రిందట మా గుడి స్త్రీల కూటమున నుంచితిని. కొందఱు నవ్విరి, ఒకరిద్దరు కోపగించిరి. తుదకు మూడు నియమములు ఏర్పడినవి. పిల్లలందఱికిని చీరాల నేతగుడ్డ తానులుగా తెప్పించి, ఒకే రకపు బట్టలు కుట్టించుట. పెద్దలు పేర్ల చీటీలు తీసి, ఎవరి పేరు వచ్చిన వారికి మాత్రమే, 200 రూపాయలకు మించని కానుక యిచ్చుట. చేతితో చేసినదైనచో మఱియు మేలు. తాను లెక్కన కొనుటచే వెల తగ్గినది. కుట్టుట తెలిసిన ముగ్గురు ఆ పని పంచుకొనిరి. కానుకలలో పాతచీరల బొంతలు, సీసాలలో ఉసిరికాయ పచ్చడి, గులాబీపువ్వులు, కజ్జికాయలు కానవచ్చినవి. వాని వెల ఎవరును అడుగలేదు, అడుగుటకు వీలులేదు.

మూడవ నియమము: పనిమనిషికి, గుడి ఊడ్చువారికి, వీధిలోని వితంతువులకు ఇచ్చునది ఏమాత్రమును తగ్గింపరాదు, వీలైనచో మిగిలిన సొమ్ములో కొంత దానికే చేర్పవలెను. జ్ఞానులు బంగారమును, సాంబ్రాణిని, బోళమును తెచ్చినది తమలో తాము పంచుకొనుటకు గాదు గదా! మా వీధి యిల్లాలు రెండవయేట కమ్మలు విడిపించుకొన్నది. ఆమె పిల్లలు గుడిలో ముందువరుసను నిలిచిరి; వారి బట్టలు పాస్టరుగారి పిల్లల బట్టలే.

సోదరీమణులారా! పండుగ ఖర్చు తగ్గించుటకు మీ యింటిలోని వారితోడనే కాక, మీ ఆడపడుచులతోను, తోడికోడండ్రతోను, ఇరుగుపొరుగువారితోను ఆషాఢములోనే నోరు విప్పి మాటలాడుడు. మొదటి మాట అనుటయే కష్టము. అన్నపిమ్మట ‘మా మనసులోనిదే చెప్పితివి’ అనువారే పెక్కుమంది కానవత్తురు. క్రిస్మసు మరునాటి రాత్రి జమాఖర్చుల పుస్తకము విప్పి, బాకీ గడిలో సున్న చుట్టి నిద్రించిన యిల్లాలి యింట జనవరి యంతయు పండుగయే.