రెండు నిమిషాలేగా!

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చూద్దును కదా, బస్టాపు నిండా ఆటోలు, వాటి ముందొక కారు. బస్సేమో నడిరోడ్డు మీదే ఆగింది. మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్యగారు ఆ ఎత్తు మెట్టు మీంచి కాలు కింద పెట్టబోతుంటే, ఎడమ పక్క సందులోంచి మోటారు సైకిలొకటి రయ్యిన దూసుకొచ్చింది. వెనకనున్న నేను లాగబట్టి సరిపోయింది. చేతిలోని కందిపప్పు సంచి మాత్రం రోడ్డు పాలు. కిలో ఎంతో మీకు తెలుసుగా!

కారాయన్ని అడిగితే, "రెండు నిమిషాలేగా అమ్మా" అన్నాడు. బస్టాపు దగ్గర బండి నిలపకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉందండీ. బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగితే మధ్యలో ఏ బండీ దూరలేదు.

అన్నట్టు, మావారూ నన్ను దింపడానికి స్కూటరు సరిగ్గా బస్టాపులోనే ఆపుతారు! ఇప్పుడు కాస్త ఇవతలే దిగి నడుస్తున్నాను. ఆయన గొణుగుతున్నారు. గొణగనివ్వండి.